జెనీన్ చదివిన కొండ

మొదటి రోజు క్లాసులోనే జెనీన్ రాయి నోట్లో వేసుకుంది.

భూగర్భశాస్త్రం మాస్టారు హోలిస్ క్రాండల్ బల్లల మీద రకరకాల రాళ్ళు పరిచి, ఏది ఏమిటో చెప్పమన్నాడు. పిల్లలంతా భూతద్దాలు కళ్ళకి ఆనించుకుని వాటి మీదికి వంగారు. జెనీన్ ఒయార్బిదె మాత్రం ఒక బూడిదరంగు రాయి తీసుకుని, అంచున చిన్న పెచ్చు విరిచి, పంటి కింద పెట్టి నమిలింది. నలభై దాటిన మనిషి. బూట్ల నిండా గ్రీజు మరకలు, చెవి వెనక పెన్ను.

"మట్టిరాయి," అంది. "అచ్చం మట్టి కాదు. సన్న ఇసుక కలిసింది. పళ్ళకి కరకరమంటోంది."

క్లాసంతా ఘొల్లుమంది.

"ఆకలేస్తే క్యాంటీను పక్కనే ఉంది మేడమ్," అన్నాడు ట్రాయ్. బంగారు గనిలో షిఫ్టు దిగి ఎర్రకళ్ళతో అలాగే క్లాసుకొచ్చే కుర్రాడు వాడు.

"ఆ క్యాంటీను బర్గర్ తిన్నాకే దీనికి దిగాను," అంది జెనీన్.

హోలిస్ నవ్వలేదు. అదే రాయి నుంచి ఇంకో పెచ్చు విరిచి తనూ నోట్లో వేసుకున్నాడు. కాసేపు నమిలి, కిటికీలోంచి బయటికి ఉమ్మేసి, "అవును, ఇసుక ఉంది," అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను వెనక గదిలో రంపం దగ్గర ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. రాళ్ళు కోయడం, పలచగా అరగదీయడం, వ్యాను నడపడం, కొండల్లోకి వెళ్ళినప్పుడు వంట చేయడం, ఇవీ ఆ కాలేజీలో నా పనులు. రాయి గురించి నాకు తెలిసినదంతా చేత్తో నేర్చుకున్నదే. నోటితో నేర్చుకున్న మనిషిని అప్పుడే చూశాను.

మాది నెవాడా రాష్ట్రంలో తూర్పు కొస. మా కాలేజీ రెండేళ్ళది. ఇక్కడ రెండేళ్ళు చదివి, చదవగలిగితే, మిగతా రెండేళ్ళకి రీనో యూనివర్సిటీకి పోతారు. గనుల్లో పనిచేసేవాళ్ళు, పిల్లల్ని బడిలో దింపి వచ్చే తల్లులు, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళు, ఇలాంటివాళ్ళే మా విద్యార్థులు. అందుకని జెనీన్ వయసు ఎవరికీ వింత కాలేదు. ఆమె రాయి తినడమే వింత.

ఆమె తండ్రి బెన్యాట్ బోర్లు వేస్తాడు. మీసం రాని వయసులో సముద్రం అవతలి బాస్కు కొండల నుంచి గొర్రెలు కాయడానికి ఇక్కడికి వచ్చాడు. గొర్రెల కాలం పోయాక ఒక ముసలి బోరు మేస్త్రి దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. జెనీన్ ఆయన్ని 'ఐతా' అంటుంది. వాళ్ళ భాషలో నాన్న అని. బడి అయిపోయిన మర్నాడే ఆమె తండ్రి బోరు బండి, రిగ్గు ఎక్కింది. మధ్యలో పెళ్ళి చేసుకుంది. పెళ్ళి నిలబడలేదు, రిగ్గు నిలబడింది.

బోరు దిగుతుంటే పైకి ఎగదన్నే రాతిపొడిని నోట్లో వేసుకుని ఏ పొరలో ఉన్నారో చెప్పడం తండ్రి నేర్పినదే. మట్టి అయితే నాలుక మీద వెన్నలా జారుతుంది, ఇసుక అయితే పళ్ళకి తగులుతుంది. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక గుండ్రటి చిన్న అద్దం ఉండేది. బోరు గొట్టం లోపల చూడాలంటే ఎండని ఆ అద్దంలో పట్టి లోపలికి కొట్టేవాడు. టార్చిలైటు చేరని లోతుకి కూడా ఎండ చేరుతుంది. వేసిన బోరులో ఏ పొర ఎక్కడ తగిలిందో అక్కడికక్కడే సిరాతో రాయించేవాడు. పెన్సిలు ముట్టనిచ్చేవాడు కాదు. తప్పు రాస్తే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన ఒప్పు రాయాలి. కింద తప్పేమిటో కనబడుతూ ఉండాలి.

"కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. ఈ పనికి ఇంతకన్నా చదువు అక్కర్లేదు," అనేవాడు.

ఒక పశువుల కొట్టం దగ్గర బోరు వేస్తుండగా రాతిపొడిలో చిటికెన వేలి గోరంత నత్త గుల్ల పైకొచ్చిందట. జెనీన్ రిగ్గు చప్పుడు మించి అరిచింది.

"ఐతా, ఇదేంటి?"

"రాయి."

"రాయేంటి, నత్త!"

"రాయైపోయిన నత్త. ముందు నీళ్ళు పడ్డాయా లేదా చూడు."

నీళ్ళు పడ్డాయి. కానీ ఆమె చూపు నత్త మీదే ఉండిపోయింది. చుక్క నీటి కోసం ఇంత లోతు తవ్వే నేలలో, నీళ్ళలో బతికిన నత్త! దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని కాలేజీకి వచ్చింది. హోలిస్ దాన్ని అరచేతిలో తిప్పి చూసి, "ఇది బతికున్నప్పుడు ఈ ఊరి మీద సముద్రం ఉండేది," అన్నాడు.

"ఎంత లోతు?" అని అడిగింది జెనీన్.

అలా అడిగినవాళ్ళు అంతవరకూ లేరని హోలిస్ నాతో తర్వాత అన్నాడు. అప్పుడు మాత్రం, "క్లాసులో చేరు, నువ్వే చెప్తావు," అన్నాడట.

చేరింది. పగలు రిగ్గు, సాయంత్రం క్లాసు. లెక్కల్లో ఒకసారి తప్పింది. కెమిస్ట్రీ పరీక్ష రాసి వచ్చి నా గదిలో కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే రంపానికి నూనె వేసింది. ఆమెకి రాయిని అరగదీయడం నేనే నేర్పాను. అద్దం బిళ్ళకి రాతి ముక్క అంటించి, సన్నటి పొడి మీద గుండ్రంగా రుద్దుతూ, వెంట్రుక కన్నా పలచన చేయాలి. కాస్త ఎక్కువ రుద్దితే రాయి మాయమవుతుంది. మొదటి రెండూ మాయం చేసింది. మూడోది సూక్ష్మదర్శిని కింద పెట్టి, కన్ను ఆనించి, చాలాసేపు కదల్లేదు.

"వాల్ట్," అంది చివరికి, "ఇది నల్లరాయే కదా?"

"నువ్వే కోశావు కదా."

"మరి లోపల ఇన్ని రంగులెందుకున్నాయి? ఎవరు చూస్తారని?"

నేనూ వంగి కన్ను ఆనించాను.

రీనో వెళ్ళడానికి ఇక మిగిలింది ఒక్క కోర్సు. కొండల్లో గుడారాలు వేసుకుని, కొండనంతా నడిచి, ఏ పొర ఎక్కడుందో పటం గీయాలి. అది ఏడు విడిచి ఏడు, మే నెలలో వస్తుంది. అందులో పాసైతే ఆగస్టులో రీనోలో సీటు ఖాయం. తప్పితే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి. పెద్దాయన బెన్యాట్‌కి తుంటి ఎముక అరిగిపోయింది, రిగ్గు ఒంటరిగా నడపలేడు. పక్క రాష్ట్రం యూటా నుంచి ఒకాయన రిగ్గు కొంటానని వచ్చి, జవాబు కోసం చూస్తున్నాడు. జెనీన్ తండ్రితో తనే మాట అనేసింది. ఈ మే నెలలో పాసైతే రీనో. తప్పితే మళ్ళీ చదువు ఊసెత్తను, రిగ్గు నేనే నడుపుతాను, అని.

"మాటంటే మాటే," అన్నాడాయన.

మేం గుడారాలు వేసిన బెల్‌వెదర్ కొండల్లో నీటి చుక్క ఉండదు. క్యాంపుకి నీళ్ళు తెచ్చింది బెన్యాటే. లారీ వెనక ట్యాంకు తగిలించుకుని వచ్చి, మా గుడారాల పక్కన వదిలి, తుంటి పట్టుకుని దిగి, కొండల వంక ఓసారి చూశాడు.

"రాళ్ళు చూడ్డానికి ఇంత దూరం రావాలా? నా పెరట్లో కావలసినన్ని పడున్నాయి."

"పెరట్లోవి నువ్వు పైకి తీసినవి ఐతా. ఇవి వాటంతటవే లేచాయి."

"లేచినవి పడతాయి. జాగ్రత్త," అని, ట్యాంకు కోసం క్యాంపు ఎత్తేసే రోజు పొద్దున వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

కొండల్లో హోలిస్‌ది ఒకటే పద్ధతి. ఏ ప్రశ్నకీ జవాబు చెప్పడు. "కొండనడుగు," అంటాడు. నాకూ అదే కట్టడి. ముందటి క్లాసులతో ఎన్నోసార్లు ఆ కొండలు ఎక్కి దిగినవాణ్ణి, నాకు తెలిసింది నోరు జారకూడదు. మొదటి సాయంత్రానికల్లా అది క్యాంపులో ఆటైపోయింది. ఉప్పెక్కడుందని అడిగితే "కొండనడుగు". నా సాక్సు ఎవరు తీశారంటే "కొండనడుగు".

ఇంకో నియమం. పగలు పెన్సిలుతో గీయాలి. సాయంత్రం క్యాంపుకి వచ్చాక, బాగా నమ్మకం కుదిరినదాని మీదే సిరా వేయాలి. పొరల హద్దులు సరిగ్గా గీసి ఉంటే, వాటి అర్థం తప్పు చెప్పినా హోలిస్ కనీసం పాసు మార్కులు వేస్తాడు. సగంలో వదిలేసిన పటానికి మాత్రం పాసు లేదు. ఎంత బతిమాలినా లేదు.

జెనీన్ చెయ్యి పెన్సిలు మీదికి పోలేదు. కొండ మీద నిలబడే సిరాతో గీసేసింది. హోలిస్ చూశాడు.

"పెన్సిలు పోయిందా?"

"ఉంది. పెన్సిలు రాతని మా ఇంట్లో ఎవరూ నమ్మరు."

హోలిస్ గడ్డం గోక్కుని ముందుకి నడిచాడు.

ఆమె గీసినది చూడముచ్చటగా ఉంది. కింది నుంచి పైకి ఐదు పొరలు. అన్నిటికన్నా కింద తెల్లరాయి, అంటే ఒకప్పటి ఒడ్డు ఇసుక గట్టిపడినది. దాని మీద మట్టిరాయి. ఆ పైన సున్నపురాయి. మళ్ళీ మట్టిరాయి. శిఖరం దగ్గర మళ్ళీ తెల్లరాయి. రెండో సాయంత్రం పొయ్యి దగ్గర చిక్కుడుగింజల కూర తింటూ అందరికీ చెప్పింది.

"సముద్రం ముందు ఒడ్డున ఉంది, ఇసుక పడింది. లోతైంది, బురద పడింది. ఇంకా లోతైంది, సున్నం పడింది. మళ్ళీ వెనక్కి తగ్గింది, బురద. ఇంకా తగ్గింది, ఇసుక. వచ్చింది, పోయింది. అంతే."

"అంత తేలిగ్గా చెప్పేస్తే హోలిస్‌కి జీతమెందుకు?" అన్నాడు ట్రాయ్. వాడి పటంలోనూ ఐదు పొరలే. ఆ ఏడాది అందరి పటాల్లోనూ ఐదే.

హోలిస్ కూర మీద మిరియాలు చల్లుకుంటున్నాడు. తలెత్తలేదు.

ఆఖరి రోజు సాయంత్రం ఎండ కొండ దిగేలోగా పటాలు ఇచ్చేయాలి. మధ్యాహ్నం నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని పైగట్టు మీద ఉన్నవాళ్ళ కోసం ఎక్కుతున్నాను. శిఖరానికి కాస్త కింద జెనీన్ కనబడింది. అంతలోనే మబ్బు కమ్మి వడగళ్ళు మొదలయ్యాయి. సేజ్ పొదలు చితికి వాసన గుప్పుమంది. ఇద్దరం పరుగెత్తి ఒక రాతి చూరు కిందికి దూరాం. పైన తెల్లరాయి. కింద మెత్తటి మట్టిరాయి గాలికీ వానకీ కొట్టుకుపోయి గూడులా ఏర్పడింది. కూర్చోవచ్చు, పడుకోవచ్చు, నిలబడలేం.

నాకా చోటు తెలుసు. అందుకే తల ఎత్తకుండా కూర్చున్నాను.

"ఏంటి వాల్ట్, మెడ పట్టేసిందా?"

"ఊఁ."

"నేల మీద పడుకుంటే అంతే మరి. మా ఐతా గొర్రె కొవ్వు కాచి ఉంచుతాడు, రాసుకో. కంపుకి నొప్పి పారిపోతుంది."

రొట్టె, గొర్రె జున్ను, ఎర్రటి సాసేజీ ముక్కలు తీసి నాకింత పెట్టింది. వెల్లకిలా పడుకుని తినసాగింది. పని అయిపోయిన మనిషి తీరిక. పటం పక్కన పెట్టి, రీనోలో గది అద్దెకి దొరుకుతుందో లేదో అంటోంది. కొండ గురించి ఒక్క ముక్క నాతో అనలేదు. నేనూ అనలేదు. చీకటిగా ఉంది. పైన రాయి నల్లగా కనబడుతోంది, అంతే.

వడగళ్ళు ఆగాయి. మబ్బు చీలి ఎండ వచ్చింది.

బయట నేలంతా తెల్లగా పరుచుకున్న వడగళ్ళ మీద ఎండ పడి, అక్కడి నుంచి ఏటవాలుగా గూటిలోకి, కింది నుంచి పైకి కొట్టింది. మా తల మీది రాయి ఒక్కసారి వెలిగింది. దాని నిండా అలలు. ఏటి ఒడ్డున తడి ఇసుక మీద నీరు గీసి వెళ్ళే గీతలు, వరస వెనక వరస, గూటి ఈ కొస నుంచి ఆ కొస దాకా. వాటికి అడ్డంగా ఏదో చిన్న ప్రాణి పాకిన జాడ. వంకర్లు తిరుగుతూ వెళ్ళి, ఒకచోట ఆగి, పక్కకి మళ్ళింది.

జెనీన్ చేతిలో రొట్టె నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "అచ్చు అయ్యుంటుంది. కింది ఇసుక మీద పై పొర పడినప్పుడు దిగిన అచ్చు," అంది. నేను రొట్టె వంకే చూస్తున్నాను.

చెయ్యెత్తి వేలు కొసతో ఒక అలని తడిమింది. పక్కదాన్ని తడిమింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది. నీరు ఇసుక మీద చేసే అలకి కొస పదునుగా ఉంటుంది, పల్లం గుండ్రంగా ఉంటుంది. అచ్చులో అది తారుమారవుతుంది. గుండ్రంగా ఉన్నది బయటికొస్తుంది, పదునైనది లోపలికి పోతుంది. ఆమె వేలికి కిందికి వేలాడుతున్న అంచులు పదునుగా తగిలాయి.

"అచ్చు కాదు," అంది. "ఇది పైభాగం. ఇసుక పైభాగం ఇది. కిందికి చూస్తోంది."

లేచి కూర్చుంది. తల రాతికి కొట్టుకుంది, పట్టించుకోలేదు. తడి కోటు విప్పి మోకాళ్ళ మీద పరిచి, లోపలి ఉన్ని లోపలికి వచ్చేలా మడిచింది. అంచుకేసి చూసింది. బయటి గుడ్డ, ఉన్ని, మళ్ళీ ఉన్ని, మళ్ళీ బయటి గుడ్డ.

"ఐదు కాదు వాల్ట్. మూడే. మూడు పొరలే. కొండ మడత పడింది. కిందున్న తెల్లరాయీ ఇదీ ఒకటే. అదే ఒడ్డు, తిరిగొచ్చి మన నెత్తిన బోర్లా పడింది."

అప్పుడు నేను తలెత్తాను. ఆ చూరు కింద ఎన్నిసార్లు కూర్చున్నానో గానీ, వడగళ్ళ వెలుగులో దాన్ని చూడటం అదే మొదలు. ఒక పూట, ఎవరూ లేని ఒడ్డున, మోకాలి లోతు నీరు ఊగి వెళ్ళిపోయింది. చూడటానికి కన్నన్నది సరిగా పుట్టని కాలం. ఆ ఊపు అలాగే నిలిచిపోయింది. దాని మీద మైళ్ళ మందాన రాయి పేరుకుంది. ఆ రాయంతటినీ ఏదో చెయ్యి దుప్పటి మడిచినట్టు మడిచింది. అయినా ఆ పురుగు పక్కకి మళ్ళిన చోటు చెదరలేదు. నా రంపం కింద చిన్న రాతి ముక్కే పగిలిపోతుంది. కొండని పగలకుండా మడిచిన పనితనం ఎవరిదో తలుచుకుంటే నా చేతులు నాకే చిన్నవిగా కనబడ్డాయి.

జెనీన్ కళ్ళు తుడుచుకుని పటం తీసింది. మడత తిరగేసిన తూర్పు సగమంతా తప్పు. సిరాలో ఉంది.

పైగట్టు నుంచి ట్రాయ్ దిగుతూ వచ్చాడు, టోపీలోంచి వడగళ్ళు దులుపుకుంటూ. వాడి పటం గొట్టంలో చుట్టి ఉంది.

"అయిపోయిందా?"

"తప్పు గీశాను ట్రాయ్."

"తప్పో ఒప్పో, పూర్తయింది కదా? ఇచ్చెయ్. ఇప్పుడు కెలికావంటే సగంలో ఉండిపోతుంది. సగం పటానికి ఏమవుతుందో తెలుసుగా? రీనో లేదు, ఏమీ లేదు."

"తెలుసు."

"ఇంతకీ ఏం కనబడింది నీకు?"

జెనీన్ నా వంక చూసింది. నవ్వొచ్చినా ఆపుకుంది. "కొండనడుగు," అని సంచి భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో తూర్పు గట్టు ఎక్కేసింది.

ఆమె ఒక్కచోటు చూసి నమ్మే మనిషి కాదు. ఒక్క బోరుతో ఊరంతటి నీళ్ళు చెప్పలేం అంటుంది. గట్టు పొడవునా ఎక్కడెక్కడ తెల్లరాయి అడుగు కనబడుతుందో అక్కడల్లా వెల్లకిలా దూరి, వేలితో తడిమి, బయటికి వచ్చి రాసుకుంది. కింద పొయ్యి దగ్గర నుంచి చూస్తే ఆమె ఎర్ర టోపీ ఒకచోట మాయమై ఇంకోచోట లేస్తూ కనబడింది. ఉల్లిపాయలు తరుగుతూ నేను ఎండ వంకా ఆ టోపీ వంకా చూస్తూ, వేలు కోసుకున్నాను.

ఎండ కొండ దిగుతుండగా వచ్చింది. మోచేతులు గీరుకుపోయాయి, వీపంతా మట్టి. హోలిస్ ట్రక్కు వెనక తలుపు దించి కూర్చుని పటాలు తీసుకుంటున్నాడు. ఆమె పటం చివరిది.

బ్లేడుతో గీకి చెరపలేదు. బోరు రాతలో లాగే, తప్పు గుర్తు మీద ఒక్క గీత కొట్టి పక్కన ఒప్పు రాసింది. తూర్పు సగం నిండా కొట్టివేతలే. ఉత్తరం మూల ఒకటి ఉండిపోయింది. అక్కడ గీత లేదు. 'వెళ్ళలేదు' అని రాసి ఉంది.

హోలిస్ చూసి, మిగతావాటి కింద పెట్టాడు.

ఫలితాలు చెప్పేది మర్నాడు పొద్దున, అట్లు వేస్తుండగా. అది ఆయన అలవాటు. ఒక్కొక్కరిని పిలిచి, వాళ్ళ అట్టు తిరగేసేలోగా మాట ముగిస్తాడు. జెనీన్ వంతు వచ్చేసరికి బెన్యాట్ లారీ వచ్చి ఆగింది. పెద్దాయన దిగి, కూతురి ముఖం చూసి, ట్యాంకు దగ్గరికి పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"కోడి కెలికినట్టుంది," అన్నాడు హోలిస్ పటం విప్పి. "శుభ్రతకి సున్నా."

"అవునండీ."

"ఈ మూల ఏంటిది?"

"అక్కడికి వెళ్ళలేకపోయాను. పొద్దు చాల్లేదు."

"ఇటు పక్కా అటు పక్కా చూసి గీత కలిపెయ్యొచ్చుగా? అందరూ కలిపారు."

"బోరు వెయ్యని చోట ఏముందో రాసే అలవాటు లేదండీ మాకు."

బెన్యాట్ దగ్గాడు. నా పెనం మీద అట్టు మాడుతోంది. తిరగేయడం మరిచిపోయాను.

హోలిస్ పటాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. "సగంలో వదిలేసిన పటానికి పాసు లేదన్నాను," అన్నాడు నెమ్మదిగా. "వదిలేయడమంటే అక్కడ ఖాళీ ఉండాలి. ఇక్కడ ఖాళీ లేదు. ఏం తెలీదో రాసుంది. ఈ కొట్టేసినవి చూస్తుంటే మధ్యాహ్నం ఏ చోట నీ బుర్ర తిరగబడిందో కూడా కనబడుతోంది." పటం మడిచాడు. "పాసే. రీనోలో మాత్రం పెన్సిలు వాడు. వాళ్ళకి నా అంత ఓపిక ఉండదు."

ట్రాయ్ గరిట లాక్కుని గిన్నె మీద డప్పులా వాయించాడు.

"బొగ్గైన అట్టు విజేతకే!" అని అరిచాడు. నిజంగానే ఆమెకి అదే దక్కింది. అదే తినేసింది.

బెన్యాట్ మాత్రం అలాగే నిలబడి, "ఏంటి తిరగబడింది?" అని అడిగాడు.

"కొండ."

"కొండ తిరగబడ్డమేంటి?"

"రా ఐతా. చూపిస్తాను."

ఆయన తుంటితో ఆ ఎక్కుడు తేలిక కాదు. ఒక పక్క జెనీన్, ఇంకో పక్క నేను. దారి పొడవునా తిడుతూనే ఉన్నాడు, రాళ్ళనీ మమ్మల్నీ. గూటి దగ్గరికి చేరాక కూతురు పడుకోమంటే నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. వడగళ్ళు ఎప్పుడో కరిగిపోయాయి. పైన మళ్ళీ నీడలో నల్లబడిన ఉత్త రాయే.

"ఏముంది ఇక్కడ?"

"నీ అద్దం ఇలా ఇవ్వు."

చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. జెనీన్ గూటి అంచున కూర్చుని, పొద్దుటి ఎండని అద్దంలో పట్టి పైకి కొట్టింది. గుండ్రటి వెలుగు రాతి మీద పడింది. అందులో అలలు లేచాయి.

పెద్దాయన మోచేతి మీద కాస్త లేచాడు.

తర్వాత చెయ్యి చాచి అద్దం తనే తీసుకున్నాడు. అన్నేళ్ళూ గొట్టాల్లోకి, కిందికి వెలుగు పంపిన చెయ్యి. కొంచెం కొంచెంగా తిప్పుతూ వెలుగుని అల మీది నుంచి అల మీదికి నడిపించాడు. పురుగు జాడ దగ్గర ఆగాడు. దాని వంకర్ల వెంట వెళ్ళి, అది మళ్ళిన చోట మళ్ళాడు.

"మేస్తూ పోయింది," అన్నాడు. "చూడు, తొందర లేదు దానికి. గొర్రె ఇలాగే పోతుంది, మేత బాగుంటే."

"అవును ఐతా."

"నీళ్ళున్నాయి ఇక్కడ."

"ఉన్నాయి."

"నీళ్ళ కోసం నేనెప్పుడూ పైకి చూళ్ళేదు."

ఎక్కడో జూనిపర్ చెట్టు మీద ఒక నల్లకాకి అరిచి ఊరుకుంది.

"రీనోలో దీని గురించి చెప్తారా?" అని అడిగాడు.

"కొంత చెప్తారు. మిగతాది కొండనడగాలి."

"ఆ యూటా ఆయనకి ఫోన్ చెయ్యి. వచ్చి రిగ్గు తీసుకెళ్ళమను."

జెనీన్ ఏదో అనబోయింది. ఆయన వినే స్థితిలో లేడు. అద్దం తిప్పుతున్నాడు.

"మీరిద్దరూ పోయి ట్యాంకు తగిలించండి," అన్నాడు. "నేనింకాస్త చూసొస్తాను."

మేం దిగుతూ వెనక్కి చూస్తే, గూటి నీడలో ఆ చిన్న వెలుగు మెల్లగా పాకుతూనే ఉంది.